బూటు కింద డిస్కు

యార్కో పిడికిలి సాంపో ముక్కు మీద పడింది. రక్తం కీబోర్డు మీద చిందింది.

"దొంగ వెధవా! నాకు తెలీకుండా నీ డిస్కు ఇచ్చేద్దామనుకున్నావా?"

లాహ్తి హాకీ హాల్లో నాలుగు వందల మంది తమ కంప్యూటర్లు వదిలి చుట్టూ మూగారు. డెమోల పోటీకి, అంటే కంప్యూటర్ చేత బొమ్మలూ సంగీతమూ ఆడించే ప్రోగ్రాముల పోటీకి, డిస్కులు ఇవ్వడానికి ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. జట్టుకి ఒక్క డిస్కే.

వాళ్లది ఇద్దరి జట్టు. ఎనిమిది నెలల చాకిరీ. ఒకే డెమో, చెరో డిస్కు. రెండింట్లోనూ బొమ్మలు అవే, సంగీతం అదే. లోపలి కోడ్ మాత్రం ఎవరిది వాళ్లదే. తెర మీద చుక్క పెట్టాలన్నా సిస్టమ్‌ని అడిగి పెడతాడు సాంపో. యార్కో సిస్టమ్ పీక నొక్కేసి చిప్పులతోనే తేల్చుకుంటాడు. ఆ హాల్లో అందరిదీ యార్కో దారే. అందుకే ఎవరూ విడదీయలేదు.

"ఈసారి పోటీ కొత్త మోడల్ కంప్యూటర్ మీదరా," సాంపో రక్తం ఉమ్మాడు. "చిప్పులు మార్చేశారు. నీది లేవదు. నా మాట విను."

"గుమాస్తా వెధవా! అర్జీలు పెట్టుకుని కోడ్ రాసేవాడివి, నువ్వా నాకు చెప్పేది?"

ఈసారి మోకాలితో కడుపులో పొడిచాడు. సాంపో నేల మీద ముడుచుకుపోయాడు. అయినా చొక్కా జేబు వదల్లేదు. యార్కో వాడి వేళ్లు మెలిపెట్టి డిస్కు లాగాడు. 'సిస్టమ్' అని ఎర్ర లేబుల్. పోటీ డిస్కులకి రంగు లేబుళ్లు అంటించడం ఎప్పుడూ సాంపో పనే. పొద్దునే రెండింటికీ అంటించాడు.

యార్కో దాన్ని బూటు మడమతో తొక్కాడు. పటుక్కుమంది. కసి తీరక మళ్లీ తొక్కాడు. 'హార్డ్‌వేర్' లేబుల్ ఉన్న డిస్కు పట్టుకుని పరుగున వెళ్లి ఇచ్చి వచ్చాడు.

సాయంత్రం కొత్త మోడల్ ఊచకోత మొదలెట్టింది. డెమో పెట్టడం, పెద్ద తెర నల్లబడటం, హాలంతా బూతులు. వరసగా పదకొండు చచ్చాయి. పన్నెండోది వీళ్లది. మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తడబడలేదు. హాలు ఈలలతో దద్దరిల్లింది.

యార్కో బల్లెక్కి అరిచాడు. "చూశారా! దమ్మున్న కోడ్ అంటే ఇదీ!"

దిగి, డిస్కు ముక్కలు ఏరి సాంపో మొహాన కొట్టాడు.

"తీస్కో. నీ సిస్టమ్‌ని పాతిపెట్టుకో."

"సరేలేరా," అన్నాడు సాంపో. ముక్కులో దూది ఉంది. నవ్వితే నొప్పెట్టింది.

యార్కో కప్పు అందుకోవడానికి వెళ్లాక, ఒక ముక్క మీది ఎర్ర లేబుల్‌ని సాంపో గోటితో పీకాడు. దాని కింద, కోడి కెలికినట్టుండే యార్కో రాతలో, 'నాది. ముట్టుకుంటే చేతులు విరుస్తా' అని ఉంది.