గాడిద అరుపు

"మౌసు కరవదులే, ముట్టుకోమ్మా!" అంది నందిత, కుర్చీలోంచే.

హోసూరులో ఆమె ఇంటి ముందుగదే కంప్యూటర్ క్లాసు. తెరమీద బొమ్మల ముక్కలు వరసగా అతికిస్తే బస్సు కృష్ణగిరి చేరాలి. పిల్లల్లో తేజస్విని మాత్రం వారంగా చేతులు ఒళ్లోంచి తియ్యడం లేదు.

ఆ ప్రోగ్రాం రాసిన జితేంద్ర కొత్త ఫ్లాపీతో వచ్చి పిల్లల్ని సలహాలడుగుతున్నాడు. "ఇందులో ఏం మార్చమంటావు పాపా?"

"తప్పు చేస్తే గాడిద మాదిరి అరుస్తాది కదన్నా, అది తీసేయి. అందరూ నా దిక్కే తిరిగి చూస్తారు," అంది తేజస్విని.

పిల్లలు గొల్లుమన్నారు. నందిత కూడా నవ్వింది. "అరవకపోతే తప్పని యెట్ల తెలిసేది?"

"ఆ అరుపు మీరు పెట్టమన్నదే కదా మేడమ్!" అన్నాడు జితేంద్ర అమాయకంగా. "లేచి తిరగకుండా కూర్చున్నచోటే తప్పులు తెలియాలన్నారు."

నందిత మొహం మాడిపోయింది.

తేజస్విని ఆమెను ఓసారి చూసి, "అయితే ఉండనీలే అన్నా," అంది. "పాపం, టీచరమ్మకు మోకాళ్ల నొప్పి. లేచేకి కాదు."

ఇన్నాళ్లూ పిల్లలకు చెప్పుకొచ్చిన ఆ నొప్పి ఉత్తదే. కానీ ఆ పూట నందిత నిజంగానే కుర్చీలోంచి లేవలేకపోయింది.