అమ్మకానికి లేని చొక్కా

"లోపముంటే ముందు దాన్నే ఫొటో తీయవే. చెప్పి అమ్మింది వెనక్కి రాదు," అన్నాడు మంచం పట్టిన టైలరు, పెళ్లాంతో.

ఆమె అలాగే చేసింది. కాలరు వెలిసిన చోటు, మార్చిన గుండీ, అన్నీ దగ్గరగా ఫొటోలు తీసింది. మందుల కోసం ఆన్‌లైన్లో పెట్టిన అతని పాత చొక్కాలు పద్నాలుగూ వారం తిరక్కుండానే అమ్ముడుపోయాయి.

"నాకు లేని గిరాకీ నా చొక్కాలకుంది," అని తనే నవ్వాడు.

బీరువాలో తెల్ల చొక్కా ఒక్కటే మిగిలింది.

"దాన్ని మాత్రం అమ్మొద్దు. నేను తొడుక్కోవాలి."

ఆమె గుండె తేలికపడింది. మనిషికి లేచి తిరగాలని ఉంది, అంతకంటే ఏం కావాలి? ఇస్త్రీ చేద్దామని చొక్కాను బల్ల మీద బోర్లా పరిచింది.

వీపు మధ్యన, కాలరు నుంచి కింది అంచు దాకా, నిలువునా కత్తిరించి ఉంది. రెండంచులూ మడిచి కుట్టి ఉన్నాయి. ఆ సన్నని కుట్టు ఎవరిదో ఆమెకు తెలుసు.

"ఇదేంటండీ? ఎప్పుడు చేశారు?"

"చేతులు ఆడుతున్నప్పుడే. ప్రాణం పోయి మనిషి బిగుసుకుపోయాక మామూలు చొక్కా తొడగడం నీ ఒక్కదాని వల్ల కాదే. దీన్నైతే ముందు నుంచి వేసి, అంచులు వీపు కిందకి దోపేస్తే చాలు. గుండీలు కూడా పెట్టే ఉంచాను."