పరిగె మోపు

చర్చి గంట మోగగానే పేద ఆడవాళ్లంతా కోతలైన గోధుమ చేలోకి దిగారు.

ఆ చేలో రాలిన వెన్నుల్ని పరిగెగా ఏరుకునే హక్కు ఆ ఊరి బీదలదే.

తొమాసిన్ చేతులు ఏరుతున్నాయి గానీ మనసు అక్కడ లేదు. ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరిగినట్టు, రాజుకీ పార్లమెంటుకీ జరిగిన యుద్ధంలో ఆమె భర్త గిల్బర్ట్ పోయాడు. రేపు న్యాయాధికారుల ముందు భృతికి అర్జీ పెట్టుకోవాలి. చావును కళ్లారా చూసినవాడి సాక్ష్యం లేనిదే అది చెల్లదు.

"దొరికాడా ఎవరైనా?" అంది పక్కనే ఏరుతున్న డోర్కస్. ఆమె మొగుడూ యుద్ధంలోనే పోయాడు.

"ఎక్కడే? వాళ్ల దళపతి వస్తాట్ట గానీ, గిల్బర్ట్ పోయిన వేళ ఆయన అక్కడ లేడు."

"భృతి రాకపోతే?"

"ఊరి పెద్దలు నా పిల్లల్ని తలో ఇంట్లో పనికి పెట్టేస్తారు."

డోర్కస్ మోచేత్తో పొడిచింది. "నీ మోపు దగ్గర ఎవడో చూడు."

దవడకు గుడ్డ చుట్టుకున్న కుంటివాడొకడు మోపు మీద వంగి ఉన్నాడు. చేతిలో గోధుమ వెన్నులు.

"మొగుడు పోయినదాని కూడే దొరికిందిరా నీకు?" అని అరిచింది తొమాసిన్.

అతను వెన్నులు చూపించాడు. ఆమెను చూపించాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. గొంతులోంచి గురగుర తప్ప మాట రాలేదు.

"నాటకాలు బానే వచ్చు," అంది డోర్కస్.

జాలి కూడా కరువైన రోజులవి. తొమాసిన్ ఊరి బంట్రోతును కేకేసింది.

బంట్రోతు అతన్ని పొలిమేర దాకా తరిమి వచ్చాడు. "మళ్లీ వస్తే కొరడాతో తోలు వలుస్తానన్నా. ఇంక రాడులే."

సాయంత్రం మోపు ఎన్నడూ లేనంత బరువుగా ఉంది. ఇవాళ నా చెయ్యి మంచిదే అనుకుంది తొమాసిన్.

మర్నాడు న్యాయస్థానం వాకిట్లో దళపతి ఆమెను పలకరించాడు.

"సాక్షిని వెంటబెట్టుకు రాలేదేమమ్మా?"

"ఏ సాక్షి, దొరా?"

"నీ దగ్గరికే పంపానే. గుండు తగిలి నోట మాట పోయింది గానీ, బైబిలు మీద చెయ్యేసి తలూపితే చాలని దొరలు ఒప్పుకున్నారు. దవడకు గుడ్డ కట్టుకుని ఉంటాడు."

లోపల జవాను తొమాసిన్ పేరు పిలిచాడు. ఆమె వెనక్కి తిరిగి పొలిమేర దారి వంక చూసింది.

"దెబ్బ తిన్న వాణ్ణి వీపున మోసుకొచ్చి, వాడి ఒళ్లోనే కన్నుమూశాడమ్మా నీ గిల్బర్ట్," అన్నాడు దళపతి.