నాలుగోనాడు ఎవరూ ఏడవరు

ధరణి మూడు పూటలుగా మెతుకు ముట్టలేదు.

గురువారం మధ్యాహ్నం హోముకు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఏడ్చి ఏడ్చి కళ్లు బూరెల్లా ఉబ్బాయి. హాల్లో ఒక మూల కూర్చుని కాసేపు కంచం వంక చూడడం, కాసేపు కిటికీలోంచి పీలేరు బస్సులు పోయే రోడ్డు వంక చూడడం. ఇదే పని.

మునిరత్నమ్మ వంటగదిలోంచి ఇదంతా గమనిస్తూనే ఉంది. ఆ హోముకు వార్డెనూ ఆవిడే, వంటమనిషీ ఆవిడే.

"లోకేశ్వరీ, ఈ పిల్ల గూడా పొయ్యేట్టుండాది," అంది గరిటె దించకుండానే. "నువ్వే ఏమన్నా చెయ్యి. నా మాట యాడ వింటారు వీళ్లు."

లోకేశ్వరికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ హోములో తనది తొమ్మిదేళ్ల అనుభవం. కొత్తవాళ్లను దారికి తేవడంలో ఆరితేరిన చెయ్యి. ఈ మధ్యే ఆ చెయ్యికి కలిసిరావడం లేదు. రెండేళ్లలో ఆరుగురు వచ్చారు, ఆరుగురూ వారం తిరక్కుండా వెళ్లిపోయారు. ఒకరు జ్వరమని, ఒకరు భయమని, ఒకరైతే చెప్పాపెట్టకుండా. ప్రెసిడెంటు రాజారత్నం గారికి విసుగొచ్చింది.

"వచ్చేటప్పుడు కాగితాలు పట్టుకోని పోలీస్ స్టేషన్ సుట్టూ తిరిగేది నేను. మూడోనాడు ఏడ్సుకుంటా పొయ్యేది వాళ్లు. ఈ ధరణే ఆకరు. ఆదివారం వచ్చి సూస్తా. ఉంటే సరి, లేకుంటే ఇంక కొత్తోళ్లనెవర్నీ రానిచ్చేది లేదు," అని తేల్చేశారు.

ఆ మాటతో లోకేశ్వరి గుండెల్లో రాయి పడింది. ఒక్కొక్కరు వెళ్లినప్పుడల్లా తనకు రెండు రోజులు ముద్ద దిగదు. పోయేటప్పుడు అందరూ మళ్లీ వస్తామనే అంటారు. ఎవరొచ్చారు గనక?

కంచం తెచ్చుకుని ధరణి పక్కన చతికిలబడింది.

"సంగటి తినవా?"

"వద్దండీ. మీరు తినండి."

ధరణికి తెలుగు సగమే వచ్చు. తడ అవతలి తమిళనాడు నుంచి వచ్చినవాళ్లనూ చూసింది కాబట్టి లోకేశ్వరికి అదేం వింత కాదు. వింతల్లా ఆ మర్యాద. ఎవరు నేర్పారో గానీ, మాటకు ముందొక మీరు, వెనకొక అండీ. బుద్ధెరిగాక లోకేశ్వరిని మీరు అన్న పాపాన ఎవరూ పోలేదు.

"సూడు, దీన్ని నమలకూడదు. నమిల్తే పండ్లకంటుకుంటాది. ఇట్ల ముద్ద చేసి, పప్పులో అద్ది, మింగెయ్యాల."

"గొంతులో ఇరుక్కోదా అండీ?"

"ఇరుక్కుంటే నేను గుద్దుతాలే."

మొదటి ముద్ద ఇరుక్కుంది. లోకేశ్వరి మాట తప్పకుండా వీపు మీద నాలుగు గుద్దింది. రెండోది దిగింది. ఆ పూటకు ఐదు ముద్దలు లోపలికి పోయాయి.

సాయంత్రం బట్టల దగ్గర ఇంకో భాగోతం. సబ్బు నురగ వదలకుండానే ధరణి బట్టలు తీగ మీద ఆరేసింది. లోకేశ్వరి నెత్తిన చెయ్యి పెట్టుకుని, అన్నీ మళ్లీ జాడించి పిండింది. స్నానాల గదిలో బల్లి ఉందని కేకేస్తే చీపురు తీసుకెళ్లి దాన్ని సాగనంపింది. తరవాత కూర్చోబెట్టి, తలకు నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు వేయడానికి దిగింది.

"అమ్మ గుర్తొస్తోందండీ," అంది ధరణి, మళ్లీ ముక్కు ఎగబీలుస్తూ.

లోకేశ్వరి జడపాయను ఇంకాస్త బిగించింది.

"వస్తాది. ఈడ అందరికీ వస్తాది. మొగం తెలీనోళ్లకు గూడా వస్తాది. ఏడ్సు. ఏడ్సినాక మొగం కడుక్కో."

శనివారం పొద్దున చూస్తే ధరణి మంచం ఖాళీ. సంచి పక్కన పెట్టుకుని, గేటు బయట బస్సు కోసం నిలబడి ఉంది.

లోకేశ్వరి చెప్పుల్లేకుండానే పరుగెత్తింది. బతిమాలలేదు. పోయి ఆ సంచి మీద కూర్చుంది.

"లేవండీ, బస్సొస్తోంది."

"రానీ. బస్సులకేం, అర్ధగంటకొగటి."

"నేనిక్కడ ఉండలేనండీ. నాకేమీ రాదు."

"రాకుంటే నేర్సుకుంటావు. నేనేమన్నా కడుపులోనే నేర్సుకోనొచ్చినానా? మూడోనాడు ఏడ్వనోళ్లు ఈ హోములో ఎవురూ లేరు. నాలుగోనాడు ఎవురూ ఏడ్వరు. రేపే నాలుగోనాడు. అదొక్కటి సూసి పో."

"రేపూ ఏడుపొస్తే?"

"నేనే బస్సెక్కిస్తా." అనేసింది గానీ, ఆ అబద్ధం తన నోట్లోనే నిలవలేదు. "ఎక్కించను. నువ్వు పోవద్దు. పోతే నాకు బాగుండదు."

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తల బయటపెట్టి ఇద్దరి వంకా, సంచి వంకా చూశాడు. ధరణి లోకేశ్వరిని చూసింది. చూసి చూసి ఫక్కున నవ్వింది. వచ్చాక అదే మొదటి నవ్వు. కండక్టరు రైట్ అన్నాడు. సంచిని చెరో పక్కా పట్టుకుని ఇద్దరూ లోపలికి వచ్చేశారు.

ఆదివారం ధరణి ఏడవలేదు. పొద్దున్నే కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం సంగటి వెయ్యమని మునిరత్నమ్మను అడిగింది కూడా.

పదింటికి రాజారత్నం గారు కారు దిగారు. గేటు దగ్గరి నుంచే అటూ ఇటూ వెతికారు. ధరణి కనబడగానే ఆయన మొహం చేటంత అయింది. అందరినీ హాల్లోకి పిలిపించి, శాలువా తెప్పించి, మైకు అందుకున్నారు.

"మన అనాథ పిల్లోళ్లను సూసుకునేదానికి లండన్ నుంచి వాలంటీరుగా వచ్చిన ధరణి మేడమ్ గారికి అందరూ సప్పట్లు కొట్టాల," అని ఆయన అన్నారో లేదో, నేల మీద ఐదో తరగతి పిల్లల వరసలో కూర్చున్న లోకేశ్వరి లేచి నిలబడి మరీ కొట్టింది.