కంత దగ్గర కర్రెద్దు ప్రసంగం

ఏడాది పొడుగునా ముసురు పట్టే ఒక కొండ మీద జంతువులన్నీ కలిసి తమ సభకు కర్రెద్దును సభ్యుడిగా ఎన్నుకున్నాయి. పొలం దున్నడం తప్ప మరోటి తెలియనిది మోసం చేయదని వాటి ధీమా.

మొదటిరోజే తగువు రేగింది. తమ ఆవరణ చుట్టూ ఉన్న రాతిగోడకు పడిన కంతలోంచి నక్క దూరి గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతోంది. కంత పూడ్చాలని గొర్రెలు పట్టుబట్టాయి. అవతలి గడ్డికి అదే దారి, పూడ్చడానికి వీల్లేదని మేకలు ఎదురు తిరిగాయి.

కర్రెద్దుకు నిలబడి మాట్లాడటం చేతకాదు. "కంత పూడ్చాల్సిందే!" అంటూ నడక మొదలుపెట్టి గోడ దాకా వెళ్లింది. దున్నేటప్పుడు సాలు చివర తిరిగే అలవాటు కదా, గోడ తగలగానే వెనక్కి తిరిగింది. కాళ్లతోపాటు మాటా తిరిగింది. "పూడిస్తే మేకలేం తిని బతకాలి?" అంటూ ఇవతలి గోడ దాకా వచ్చింది. మళ్లీ తిరిగింది.

అటు వెళ్లినప్పుడు గొర్రెలు, ఇటు వచ్చినప్పుడు మేకలు ఆహా ఓహో అన్నాయి. పొద్దు వాలేసరికి దాన్నే సభకు పెద్దను చేసేశాయి.

కర్రెద్దు రొమ్ము విరుచుకుని కొట్టానికి వచ్చింది. "ఇంతకీ ఏం తేల్చావురా?" అని ముసలావు అడిగింది.

"పొద్దుటి నుంచీ ఊపిరి సలపకుండా పని చేశానక్కా! నేల ఎక్కడా వదల్లేదు."

"దున్నావు సరే, విత్తనమెప్పుడు వేస్తావు?"

కర్రెద్దు నోరు తెరిచేలోగా గోడ కంతలోంచి పూలదండతో నక్క దూరి కొట్టంలోకి వచ్చింది.

"విత్తనానికి తొందరేముందమ్మా?" అంది మూతి తుడుచుకుంటూ. "పెద్దాయన్ని ఇంకా దున్ననివ్వండి."