తుప్పు పట్టించిన కత్తి

గిరి అంగడి మెట్లెక్కేసరికి ఆ ముసలాయన మళ్లీ ముందే వచ్చి ఉన్నాడు.

జార్జి టౌనులో చెంగమ్మది పాత ఇనుము అంగడి. గోనెపట్టాలో ఏదో పొడుగాటిది చుట్టి ఆయన చేతికిస్తోంది. పిడి కొస ఒక్కటే బయటికి కనిపించింది. రాజుల కాలం నాటి ఖడ్గం, అనుమానం లేదు!



"నాకోసం పక్కన పెట్టొచ్చు కదమ్మా?" అన్నాడు గిరి, ఆయన వెళ్లాక.

"ముందొచ్చినోళ్లకే గదా సామీ. నువ్వు పొద్దెక్కినాక వస్తే నేనేం చేసేది?"

"ఎవరాయన?"

"యతిరాజులు. ఎన్నూరు నించి బస్సులో వస్తాడు. ఇంట్లో గోడ నిండా కత్తులే ఉండాయంట."

గోడ నిండా! గిరికి ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఒకప్పుడు గిరి సినిమాలకు కత్తులు చేసేవాడు. మ్యూజియంలో పాతవాటిని చూసి వచ్చి, అచ్చం అలాగే ఇనుముతో కొట్టేవాడు. ఫైబరు కత్తులొచ్చాక అతన్ని పిలిచే నాథుడు లేడు. చేసి తెచ్చుకోలేని పేరు, అసలైన పాతవి సేకరించైనా తెచ్చుకుందామని అతని ఆశ. ఆ ఆశకు ఈ ముసలాయన అడ్డు.

"ఆయన తెలివి ఏపాటిదో చూస్తాను" అనుకున్నాడు.

మాధవరంలోని తన షెడ్డులో ఎన్నాళ్లకో కొలిమి రాజేశాడు. ఖడ్గం ఒకటి కొట్టాడు. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు పట్టించి తడిమట్టిలో పాతిపెట్టాడు. వానలు వెలిశాక తవ్వితే తుప్పు దివ్యంగా పట్టింది.

దాన్ని చెంగమ్మకు ఇచ్చాడు.

"ఎవరు తెచ్చారని అడిగినా నా పేరు చెప్పకు. ఒట్టు!"

ఆదివారం ఎదురుగా ఉన్న టీకొట్టులో కూర్చుని చూశాడు. యతిరాజులు పిడి పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చెంగమ్మను ఏదో పదేపదే అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కత్తిని పసిబిడ్డలా ఎత్తుకుని వెళ్లిపోయాడు.

గిరి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

ఆ తర్వాత ముసలాయన మళ్లీ రాలేదు. ఎగతాళి చేద్దామంటే మనిషి దొరకడే! చివరికి గిరే ఇల్లెక్కడో కనుక్కుని ఎన్నూరు బస్సెక్కాడు.

ఆయన కూతురు దమయంతి తలుపు తీసింది.

"నైనా పోయి నెలవుతా ఉందండీ. మీరెవురు?"

"నాకూ కత్తుల పిచ్చేనమ్మా" అన్నాడు గిరి.

"అయితే లోపలికి రాండి. చూసేవాళ్లు లేక ఊరికే ఉండాయి."

నిజంగానే గోడ నిండా కత్తులు. ఆశ ఆగక ఒకటి అందుకున్నాడు. పిడి కింద బొటనవేలికి చిన్న గుంట తగిలింది. ఇంకోటి తీశాడు. అదే గుంట.

పాత ఖడ్గాలకు అది ఉండదు. పట్టు జారకూడదని గిరి తన కత్తులకు అలవాటుగా పెట్టే గుంట అది.

"ఇవి... పాతవి కావమ్మా."

"తెలుసండీ. నైనా సినిమా ఫైట్లలో డూపు. అందరి కత్తులూ చెయ్యి కోసేవంట, ఈ ఒక్క మనిషి చేసినవి తప్ప. అవి తూకానికి పోతా ఉంటే చూడలేక ఏరుకొచ్చేవాడు."



ఆమె తుప్పు పట్టిన ఆఖరి కత్తి చూపించింది.

"ఇది తెచ్చిన దినం నైనా కాలు నేలన నిలవలేదు. 'ఇది మొన్న చేసిన పని బిడ్డా, ఆ మనిషి ఇంకా ఉండాడు, ఒక్కసారి ఆ చేతులు పట్టుకోవాల' అన్నాడు. తెచ్చినోళ్లెవురని అంగడామెను ఎంతో బతిమలాడినాడంట. ఏమో పాపం, ఆ మనిషి పేరు ఆమె చెప్పనేలేదంట."