పోర్టికో కింద మనిషి

నారాయణగూడలోని ఆ ప్రైవేటు యూనివర్సిటీలో, లైబ్రరీ పోర్టికో కింద మూడు రోజులుగా ఒక ముసలాయన అడ్డంగా కూర్చుంటున్నాడు.

వచ్చిన ప్రతి విద్యార్థినీ వెనక తలుపు నుంచి వెళ్ళమంటున్నాడు.

సంస్థకు ముప్పు తెచ్చే విషయాలను ముందే పసిగట్టి సర్దడం వందన ఉద్యోగం. సోమవారం తనిఖీ బృందం వస్తోంది. మూడో రోజు ఉదయం ముప్పుల జాబితాలో మొదటి వరుసలో ఆమె ఆ ముసలాయన్ని రాసుకుంది.

వెళ్ళి అడిగింది. పేరు దాసయ్య అనీ, అడిక్‌మెట్‌లో ఉంటాననీ చెప్పాడు. తననెవరూ పంపలేదన్నాడు. ఈ పోర్టికో కూలుతుందన్నాడు.

"ఇంజనీర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చారు పెద్దాయనా."

"పగులు మీద రంగు పూసిండ్రమ్మ. వాళ్ళు రంగు చూసిండ్రు."

"మీకేం తెలుసని చెబుతున్నారు?"

దాసయ్య తల దించుకున్నాడు. కానీ లేవలేదు.

పోలీసుల్ని పిలుస్తానంది.

"పిలువు బిడ్డా. వాళ్ళను గూడ దీని కింద నిలబడొద్దని చెప్పు."

చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు. వందనకు ఒళ్ళు మండింది. అక్కడికక్కడే ఫిర్యాదు రాసి ఫోన్ చేసింది.

కానిస్టేబుళ్ళు రెక్క పట్టుకుని తీసుకెళుతున్నా ఆయన వెనక్కి తిరిగి, వెనక తలుపు నుంచే పొమ్మని పిల్లలకు చెబుతూనే ఉన్నాడు.

మర్నాడు పదిన్నరకు పోర్టికో కూలింది.

మూడు రోజుల అలవాటు కొద్దీ పిల్లలంతా వెనక నుంచే వెళుతున్నారు. ఒక్కరికీ చిన్న గాయమైనా కాలేదు.

పైవాళ్ళు వందనను పిలిచి, ఆ ముసలాయనే ఏదో చేశాడని రిపోర్టు తయారుచేయమన్నారు.

"నేను రాయను సార్," అంది.

ఉద్యోగం సంగతి ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకున్నానని చెప్పి, మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని సాయంత్రం చిక్కడపల్లి స్టేషనుకు వెళ్ళింది. నిన్ననే ఆయన్ని మందలించి ఇంటికి పంపేశామన్నాడు ఎస్సై.

"అయితే ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారా?"

"లేదమ్మా, కోర్టుకు తీసుకెళ్ళారు. కూలిందని తెలియగానే తనంతట తానే వచ్చాడు."

ఎస్సై ముందుకు జరిపిన కాగితంలో, దాసయ్య వేలిముద్ర పైన ఇలా ఉంది: "పద్దెనిమిదేండ్ల కింద ఆ స్లాబు పోసిన మేస్త్రీని నేనే, కాంట్రాక్టరు చెప్పిండని ఇనుప సలాకలు సగమే ఏసిన, కేసు నా మీదనే రాసుకోండ్రి."